మెషిన్ ముందు నుంచి లేవని లిదియా

హనుమకొండ చౌరస్తాలో మందుల దుకాణం పక్కన ఇరుకు మెట్లెక్కితే పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది సంవత్సరాల మాట. ఉన్నది ఒకటే కంప్యూటర్. దానికో ఏసీ గది, మీద కప్పడానికి ఎర్ర మఖమల్ గుడ్డ, తెర నుదుట కుంకుమ బొట్టు. గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. దసరాకు దాని ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లు. అంత మర్యాద ఆ గదిలోకి వచ్చే మనుషులకు మాత్రం దొరికేది కాదు. ఆడవాళ్లకైతే అసలే దొరికేది కాదు.

ఆ గదిలో పాఠం చెప్పిన మొదటి ఆడమనిషి లిదియా. కాజీపేటలో రైలు పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్ దేవదానం కూతురు. గణితంతో డిగ్రీ చేసి, హైదరాబాదులో పెద్దమ్మ ఇంట్లో ఉండి కంప్యూటర్ డిప్లొమా పూర్తి చేసుకుని వచ్చింది. మొండిదని పేరు. ఆ మొండితనం తల్లి నుంచి వచ్చిందని కాజీపేటలో వాళ్లను ఎరిగినవాళ్లు ఇప్పటికీ అంటారు.

డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో దేవదానం ఉద్యోగం పోయింది. క్వార్టరు ఖాళీ చేయమని మనుషులు వచ్చిన పూట లిదియా తల్లి మార్తమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. లేవలేదు. "బియ్యం ఉడుకుతాన్నయి. పిల్లలు తిన్నంక పోతం. మీకు ఆకలైతాంటె మీరు గూడ కూసోండ్రి" అంది. వచ్చినవాళ్లు ఏం చేయాలో తోచక గుమ్మం బయట నిలబడ్డారు. పిల్లలు తిన్నారు. ఆమె గిన్నెలు కడిగింది. ఆ తర్వాతే సామాన్లు సర్దింది. ఇల్లు వదలడం తప్పలేదు. అయితే ఎప్పుడు లేవాలో తల్లే నిర్ణయించుకుందన్న సంగతి పదేళ్ల లిదియా కళ్లారా చూసింది. కొన్నేళ్లకు సమ్మె చేసినవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. దేవదానం కూడా పట్టాల మీదికి వెళ్లాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ దండాలు పెట్టలేదు.

సెంటర్ ఇద్దరిది. పరకాల దిక్కు భూములున్న రాజేశ్వర్ రావు పెట్టుబడి పెట్టాడు. బొంబాయిలో కొన్నాళ్లు పని చేసి వచ్చిన వెంకట్రాజం చదువు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలనే దగ్గర తగాదా పడి మాటలు మానుకున్నారు. విడిపోదామంటే ఉన్నది ఒకటే మెషిన్. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు పంచుకున్నారు. పొద్దుటి పూట రావుది, సాయంత్రం వెంకట్రాజానిది. కుర్చీలు చెరి సగం. చివరికి కంప్యూటర్ లోపలి హార్డ్ డిస్క్‌ను కూడా వదల్లేదు. రావు పేరుతో ఒక అర, వెంకట్రాజం పేరుతో ఒక అర. రావు అరలో కోబాల్ అనే భాష, వెంకట్రాజం అరలో పాస్కల్ అనే భాష. ఒకరి అరలోకి ఇంకొకరు వెళ్లకూడదు. మెషిన్‌కు కరెంటు ఇవ్వగానే అది చదువుకునే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అది మాత్రం ఇంటి ముందు వాకిలి లాగా ఉమ్మడి. ఇద్దరూ ఒప్పుకోకుండా అందులో ఒక్క అక్షరం మార్చకూడదు. ఈ ఒప్పందాన్ని దగ్గరుండి కుదిర్చిన పెద్దమనిషి వకీలు సారంగపాణి. ఆయన కంప్యూటర్‌ను అంతకుముందు చూడలేదు. అయినా పంపకం పంపకమే అన్నాడు.

పొద్దుటి బ్యాచ్‌కూ సాయంత్రం బ్యాచ్‌కూ మధ్య, రెండింటి నుంచి నాలుగింటి దాకా గది ఖాళీగా ఉండేది. ఎండ మండిపోయే ఆ వేళ మగపిల్లలెవరూ రారు. ఆ సమయం ఆడవాళ్లకు ఇవ్వమని లిదియా రావును అడిగింది. ఫీజులు వస్తాయి కదా అని అతను ఒప్పుకున్నాడు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. కరెంటాఫీసుల్లో, బ్యాంకుల్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు కావాలనే మాట అప్పుడప్పుడే వినిపిస్తోంది. మరిపెడ నుంచి యాకమ్మ వచ్చేది. మొగుడు వదిలేశాక తమ్ముడింట్లో ఉంటూ బస్సెక్కి వచ్చే మనిషి. పరకాల నుంచి పూలమ్మ వచ్చేది. మొగుడికి సైకిళ్ల దుకాణం. "నేను మొగన్ని అడిగి రాలే, చెప్పి వచ్చిన" అని మొదటి రోజే అందరికీ వినిపించేలా అన్న మనిషి. మిషన్ దవాఖానలో నర్సు సారమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చేది. ఇంకా కొందరు.

మొదటి నెలలోనే ఒక పంచాయితీ అయింది. రావు లిదియాను పక్కకు పిలిచాడు.

"లిదియా, మీరు క్రిస్టియన్లు. నీకు ఈ పట్టింపులుండయి. గని మెషిన్‌కు పూజ చేసుకున్నం. ఆడోళ్లకు జర చెప్పు, బయటున్న రోజులల్ల రావద్దని."

"ఆ మాట నేను చెప్ప సార్. లోపలికొచ్చి మీరే చెప్పుండ్రి. అందరున్నరు."

"నేనెట్ల చెప్తనమ్మా, ఆడోళ్ల ముందట?"

"చెప్పేటందుకు మీకు సిగ్గయితాంటె, వినేటందుకు వాళ్లకెంత సిగ్గయితదో చూడుండ్రి. మెషిన్‌కు తెలిసేది ఒక్కటే సార్, కరెంటు ఉన్నదా లేదా అని."

రావు లోపలికి రాలేదు. ఆ నియమం ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది. కానీ అతని మనసులో మాత్రం ఉండిపోయింది.

జూలైలో పరీక్ష. ప్రాక్టికల్ అదే గదిలో, అదే మెషిన్ మీద. హైదరాబాదు నుంచి పరీక్షల బోర్డువాళ్లు మనిషిని పంపుతారు. పదిహేను రోజులు కూడా లేదు. అప్పుడు మెషిన్ మొరాయించింది.

పొద్దుటి బ్యాచ్‌కు ఆ వారం కాగితం మీది పాఠాలే నడుస్తుండటంతో మొదట పట్టుబడింది యాకమ్మ ప్రోగ్రాం. కరెంటు బిల్లుల లెక్క వేసే ప్రోగ్రాం అది. కాగితం మీద రాసి, లిదియా చేత దిద్దించుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తప్పులేం లేవని మెషిన్ చెప్పింది. తీరా నడిపించే ముందటి మెట్టు దగ్గర ఇంగ్లీషులో ఏదో తిట్టి ఆగిపోయింది.

"మల్ల అదే వచ్చె లిదియక్కా. నేనేం తప్పు రాసిన?"

"నువ్వేం తప్పు రాయలే. ఇంకోపాలి కొట్టు."

మళ్లీ అదే. పూలమ్మదీ అంతే. సారమ్మదీ అంతే. పోయిన వారం చక్కగా నడిచిన పాత ప్రోగ్రాం తీసి మొదటి నుంచి తయారు చేస్తే అదీ ఆగిపోయింది. "దీనికి దిష్టి తగిలింది, దిష్టి తియ్యాలె" అంది పూలమ్మ. "దిష్టి కాదు, మోషన్ బంద్ అయింది. ఎనిమా ఇయ్యాలె" అంది సారమ్మ. నవ్వారు గానీ యాకమ్మ నవ్వలేదు. ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఫీజు కట్టే దారి ఆమెకు లేదు. తమ్ముడు బస్సు చార్జీకే మొహం ముడుచుకుంటున్నాడు.

సంగతి రావు చెవిన పడింది. ఆ సాయంత్రమే మెషిన్ చుట్టూ పసుపు నీళ్లు చల్లించాడు. తెల్లారి లిదియా వచ్చేసరికి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేను ముందే చెప్పిన. విన్నరా? అంటు ముట్టు లేకుంట కూసుంటె ఇట్లనే అయితది. మెషిన్ బాగుచేసుడు నీ పని. అది బాగయ్యేదాక నీ బ్యాచ్ ఆడోళ్లు దాన్ని ముట్టద్దు. పాఠాలు బోర్డు మీద చెప్పుకో."

మైల అనే మాటకు మన సమాజంలో ఇంత గిరాకీ ఎందుకంటే, అది కారణం వెతికే శ్రమ తప్పిస్తుంది. ఏది చెడినా చెరిపిన చేతులు ముందే సిద్ధంగా ఉంటాయి. లిదియాకు కోపం వచ్చింది. కానీ కోపంతో పరీక్ష గట్టెక్కదు. కారణం తానే వెతకాలి.

"సరే సార్. ఆడోళ్లు ముట్టరు. మీ పొద్దుటి బ్యాచ్ పిలగాన్ని ఒకన్ని పిలువుండ్రి. వాడు స్నానం చేసి వచ్చిండేమో అడుగుండ్రి."

రావు ఆ ఎత్తిపొడుపును పట్టించుకోనట్టు ముఖం పెట్టి ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టాడు. విభూతి పెట్టుకుని వచ్చిన పిల్లవాడు. పోయిన నెలలో తాను రాసిన ప్రోగ్రాం మొదటి నుంచి చేశాడు. అదే మెట్టు దగ్గర అదే తిట్టు.

"ఇగ మైల ఎవలిది సార్?" అంది లిదియా.

రావు ఆ కుర్రాణ్ని లేపి బయటికి పంపాడు. ఆడవాళ్లను మాత్రం రమ్మనలేదు.

లిదియాకైనా కారణం వెంటనే దొరకలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏదో చెడిందనుకుంది. కోబాల్ అసలు ఫ్లాపీలు తెచ్చి మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించింది. లాభం లేదు. ఇంకోసారి ఎక్కించింది. లేదు. ఫ్లాపీలకు బూజు పట్టిందేమోనని ఎండకు చూసింది. చివరికి వేరే ప్రశ్న వేసుకుంది. ఎప్పటి నుంచి ఇలా అవుతోంది? సెంటర్‌లో ఊడ్చి, నీళ్లు పెట్టే రాయమల్లును అడిగింది.

"మొన్న ఐతారం రాజం సార్ వచ్చిండమ్మా. ఏవో కొత్త ఫ్లాపీలు ఏసుకుంట శానసేపు కూసున్నడు. రావు సారుకు చెప్పద్దన్నడు. నువ్వు గూడ నేను చెప్పిన్నని చెప్పకు."

దారి దొరికింది. కోబాల్‌లో రాసిన ప్రోగ్రాం నడవాలంటే రెండు పనులు జరగాలి. మనం రాసిన దాన్ని మెషిన్ మాటల్లోకి మార్చడం మొదటిది. అది ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలను కలిపి కుట్టడం రెండోది. గుడ్డ కత్తిరించడం ఒకటి, కుట్టడం ఒకటి. ఈ కుట్టే దర్జీ పేరు లింక్. కోబాల్‌తో పాటు వచ్చిన దర్జీ రావు అరలో ఉన్నాడు. వెంకట్రాజం మొన్న పాస్కల్‌ను మళ్లీ ఎక్కించినప్పుడు దాని దర్జీ కూడా వచ్చాడు. వాడి పేరూ లింకే. పాతకాలపు మనిషి, పాస్కల్ గుడ్డ తప్ప ఇంకోటి కుట్టలేడు. మెషిన్‌కు మనిషి గుర్తుండడు, పేరే గుర్తుంటుంది. ఏ అరలో ముందు వెతకాలి, ఏ అరలో తర్వాత వెతకాలి అన్న వరుస ఆ ఉమ్మడి ఫైల్లో రాసి ఉంటుంది. మొదటి అరలో ఆ పేరున్నవాడు కనిపిస్తే ఇక రెండో తలుపు తట్టదు. లిదియా ఆ ఫైలు తెరిచి చూసింది. వెంకట్రాజం ఆ ఆదివారం నాడు అందులో తన అర పేరును ముందుకు జరిపాడు. అంతే జరిగింది. బోర్డు మీద గెలవలేని తగాదాను అతను మెషిన్ లోపల గెలుచుకున్నాడు. దాని దెబ్బ ఆడవాళ్ల బ్యాచ్ మీద పడింది.

లిదియా యజమానులిద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టి చూపించింది. యాకమ్మ ప్రోగ్రామే తీసుకుంది. దర్జీని అర పేరుతో సహా పిలిచింది. ఒకసారి రావు అర నుంచి పిలిస్తే ప్రోగ్రాం నడిచింది. ఇంకోసారి వెంకట్రాజం అర నుంచి పిలిస్తే అదే తిట్టు.

"రావు సారు అర ముందు పెడితె రెండు భాషలు నడుస్తయి. ఆయన దర్జీ కొత్తోడు, పాస్కల్‌ది గూడ కుడతడు. ఒక్క లైను మారిస్తె కతం" అంది.

వెంకట్రాజం గోడ వైపు చూస్తూ అన్నాడు. "నా అర వెనుకకు పోదు. చదువు నాది."

రావు కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మెషిన్ కొన్నదెవరో అడుగు లిదియా. పైసలు నావి."

"ఇద్దరి పేర్లు అట్లనే ఉండనియ్యిండ్రి. కొత్త దర్జీని ఆ రెండు అరలకు బయట, వాకిట్ల పెడ్త. అందరికి ముందు వాడే దొరుకుతడు."

"ఉమ్మడి జాగల ఆయన దర్జీ ఎట్లుంటడు?" అన్నాడు వెంకట్రాజం.

సారంగపాణిని పిలిపించారు. ఆయనతో పాటు ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. సోడాలు తాగారు. ఒక్క లైను కోసం పంచాయితీ సాయంత్రం దాకా సాగింది. ఆ గదిలో ఆ లైను గురించి తెలిసిన మనిషి లిదియా ఒక్కతే. ఆమెకు కుర్చీ వేయలేదు. తలుపు దగ్గర నిలబడి వింది. చివరికి తీర్పు వచ్చింది. ఒక నెల రావు పేరు ముందు, ఒక నెల వెంకట్రాజం పేరు ముందు. అయితే ఇప్పుడు ఆషాఢం. ఆషాఢంలో ఏ పనీ మొదలుపెట్టరాదు. శ్రావణం రాగానే మంచి రోజు చూసి మార్చాలి. అప్పటి దాకా ఉమ్మడి ఫైలును ఎవరూ కదపరాదు.

"మా పరీక్ష ఆషాఢంల ఉన్నది సార్" అంది లిదియా.

సారంగపాణి ఆమె వైపు తిరిగాడు. ఆమె అక్కడ ఉన్నట్టు అప్పుడే చూశాడేమో. "పరీక్షదేమున్నదమ్మా, వచ్చే యేడు రాస్తరు. ఆడపిల్లలకు తొందరేమున్నది?"

పొద్దుటి మగపిల్లల పరీక్ష దసరా తర్వాత. వాళ్లకు శ్రావణం దాకా ఆగినా నష్టం లేదు. సాయంత్రం బ్యాచ్‌కు పాస్కల్ హాయిగా నడుస్తోంది. ఆగిపోయేది ఆడవాళ్ల పరీక్ష ఒక్కటే. పెద్దమనుషుల న్యాయం ఎప్పుడూ ఇలా సరిసమానంగానే ఉంటుంది. ఇద్దరు మగవాళ్లకు చెరి సగం పంచుతారు. ఆ నష్టం మోయడానికి మూడో మనిషి కావాలి కాబట్టి ఒక ఆడమనిషిని చూస్తారు.

మెట్ల కింద బ్యాచ్ మొత్తం కాచుకుని ఉంది. లిదియా తీర్పు చెప్పింది.

"వచ్చే యేడా?" యాకమ్మ మెట్టు మీద కూలబడింది. "వచ్చే యేటికి నన్ను మా తమ్ముడు ఇంట్ల ఉండనిత్తడో లేదో!"

"ఆషాఢంల అత్తలు కోడళ్ల మొకం చూడద్దంటరు. మెషిన్ మొకం చూడద్దని ఎవలన్నరు?" అంది పూలమ్మ. "లిదియక్కా, ఆ లైను ముట్టకుంట పని కాదా?"

లిదియా అప్పటికే అదే ఆలోచిస్తోంది. ఉమ్మడి ఫైలు ఉన్నది హార్డ్ డిస్క్‌లో. మెషిన్ మొదలయ్యేటప్పుడు ఫ్లాపీ పెట్టి ఉంటే అది హార్డ్ డిస్క్ జోలికి పోకముందే ఆ ఫ్లాపీని చదువుకుని లేస్తుంది. ఆ ఫ్లాపీలో తమ సొంత వరుస రాసుకుంటే, కోబాల్‌నూ దాని దర్జీనీ ఆ ఫ్లాపీలోనే కూర్చోబెట్టుకుంటే, ఎవరి వాకిలీ తొక్కకుండా పని అవుతుంది.

"నాయిన చెప్తడు" అంది లిదియా. "పట్టా మీద పని చేసేటందుకు గ్యాంగోళ్లకు జర సేపు లైను ఇస్తరు. దాన్ని బ్లాక్ అంటరు. అంతసేపు ఆ లైను గ్యాంగుది. ఎంత పెద్ద ఆఫీసరుదైన ఆ బండి దూరంగ ఆగాలె. రెండు నుంచి నాలుగు మన బ్లాక్. ఫీజు కట్టినం. ఎవల కోసం ఇడిసిపెట్టాలె?"

డిప్లొమా చదివినప్పుడు స్నేహితులైనవాళ్లు హైదరాబాదులో ఒక ఆఫీసులో పని చేస్తున్నారు. తెల్లారి బండికి వెళ్లి, కావలసినట్టు ఫ్లాపీ తయారు చేసుకుని వచ్చింది. ఒకటి కాదు, మనిషికొకటి చేసింది. ఏదైనా పోతే ఇంకోటి ఉండాలి కదా.

సోమవారం రెండింటికి అందరూ మెట్లెక్కారు. చెప్పులు విడిచారు. రాయమల్లు తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు గానీ, అడ్డం నిలబడే మనిషి లాగా నిలబడలేదు.

"రావు సారు వద్దన్నడమ్మా."

"నువ్వు చెప్పినవు, మేమిన్నం. నీ డ్యూటి నువ్వు చేసినవు. జరుగు రాయమల్లన్నా" అంది పూలమ్మ.

లిదియా ఎర్ర గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టింది. ఫ్లాపీ పెట్టి, పిడి తిప్పి, మెషిన్ వేసింది. ఫ్లాపీ గరగరలాడింది. తెర మీద వాళ్ల వరుస వచ్చింది. యాకమ్మను కూర్చోబెట్టింది. యాకమ్మ కొట్టింది. కత్తిరించడం అయింది. కుట్టడం దగ్గరికి వచ్చింది. అందరూ తెర మీదికి వంగారు. యాకమ్మ ఊహించి రాసుకున్న మరిపెడ మనుషుల పేర్లు, వాటి పక్కన బిల్లులు ఒకదాని కింద ఒకటి వచ్చాయి.

"అమ్మో, నడుస్తాంది!" అని యాకమ్మ రెండు చేతులూ పైకెత్తింది. మళ్లీ ముట్టుకుంటే ఆగిపోతుందేమో అన్నట్టు.

అప్పుడే రావు వచ్చాడు. "ఎవల్ని అడిగి మెషిన్ ఏసిన్రు?"

"మా టైమ్ల మేమేసుకున్నం సార్. ఉమ్మడి ఫైలు ముట్టలే. రాజం సార్ అర ముట్టలే. మీ కోబాల్ మీ దగ్గర ఫీజు కట్టి నేర్చుకుంటాన్నం. ఫ్లాపీ మాది."

రావు కబురు పంపితే వెంకట్రాజం వచ్చాడు. సంగతి విన్నాడు. ఏడాదిగా మాటల్లేని ఆ ఇద్దరూ గోడ వైపు, కిటికీ వైపు చూడటం మానేసి, అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇదేంది రావు సాబ్, పెద్దమనుషుల మాటకు ఇలువ లేదా?" అన్నాడు వెంకట్రాజం.

"చూసినవా రాజం, మనం ఎవలకు జాగ ఇచ్చినమో!" అన్నాడు రావు.

"శుభం. మీ ఇద్దరికి మాటలు కలిసినయి. మా ఫీజు దానికే సరిపోయింది" అంది సారమ్మ వెనక నుంచి.

"లిదియా! ఆ ఫ్లాపీ ఇటియ్యి. రేపటి నుంచి నువ్వు పనిలకు రావద్దు" అన్నాడు రావు.

పనిలోకి రావద్దనే మాట లిదియాకు తేలికేం కాదు. దేవదానానికి నడుం పట్టేసి అప్పటికి మూడు నెలలైంది. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది. ఆమె ఒక క్షణం కీబోర్డు వైపు చూసింది. యాకమ్మ వేళ్లు ఇంకా దాని మీదే ఉన్నాయి.

"పరీక్ష అయినంక రాను సార్. అప్పటిదాక లేవ."

"లేవవా? రాయమల్లూ, మెయిన్ బంద్ చెయ్యి!"

రాయమల్లు కదల్లేదు. రావే వెళ్లి మెట్ల దగ్గరున్న మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. తెర ఆరిపోయింది. ఏసీ ఆగింది. గది చీకటై కొలిమిలా వేడెక్కింది. ఎవరూ లేవలేదు. లిదియా చాక్‌పీసు తీసుకుని కిటికీ వెలుతురు పడుతున్న మేరకు బోర్డు మీద పాఠం రాయడం మొదలుపెట్టింది. వెనక బెంచీ మీద పూలమ్మ కొంగుతో విసురుకుంటూ "మా అత్తగారింట్ల దినాం ఇంతే ఉడుకు" అంది.

అంతలో కింది నుంచి మందుల దుకాణమతను అరిచాడు. "రావు సాబ్! మెయిన్ ఎవలు గుంజిన్రు? ఫ్రిజ్‌ల ఇంజెక్షన్లున్నయి! పాడైతె మీరిస్తరా పైసలు?" పైకీ కిందికీ అదే మెయిన్. రావు కిందికి తొంగి చూశాడు. కింది అరుపులకు బజారు పోగవుతోంది. మెట్ల మీద తలలు కనిపిస్తున్నాయి. స్విచ్ పైకి వేశాడు.

తెర వెలిగింది. యాకమ్మ పక్కకు జరిగింది. "ఇగ నువ్వు రా పూలా."

ఆ తర్వాత రోజూ రెండింటికి వచ్చారు. రావు తాళం వేయించాలనుకున్నాడట. పరీక్ష గదికి తాళం వేసి అభ్యర్థులను ఆపాడని బోర్డుకు తెలిస్తే సెంటర్ గుర్తింపే పోతుందని సారంగపాణి చెవిలో చెప్పాడట. న్యాయం పనిచేయని చోట భయం పనిచేసింది. లిదియాకు జీతం మాత్రం ఆ రోజుతోనే ఆపేశారు. ఆమె పాఠం ఆపలేదు.

పరీక్ష నాడు బోర్డు పంపిన ఎగ్జామినర్ మెషిన్ చుట్టూ ఓసారి తిరిగి, "హార్డ్ డిస్క్ ఉంది కదమ్మా, ఫ్లాపీతో ఎందుకు స్టార్ట్ చేస్తున్నారు?" అని అడిగాడు.

"దానికింకా ముహూర్తం రాలేదు సార్" అంది లిదియా.

అతను అయోమయంగా రావు వైపు చూశాడు. రావు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. పరీక్ష సాగింది. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. అయినా సాగింది. యాకమ్మ ప్రోగ్రాం ప్రింటర్ మీద కిర్రుమంటూ కాగితంగా బయటికి వస్తుంటే, ఆమె దాన్ని చింపకుండా రెండు చేతుల మీద పట్టుకుంది.

అందరూ దిగిపోయాక రావు చెయ్యి చాపాడు. "ఇప్పుడన్న ఇయ్యి ఆ ఫ్లాపీ."

"ఏది సార్? నాదా, యాకమ్మదా, పూలమ్మదా, సారమ్మదా? అందరి దగ్గర ఉన్నది" అంది లిదియా. తన ఫ్లాపీని సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

ఫలితాలు వచ్చాయి. ఒక్క పూలమ్మ తప్ప అందరూ పాసయ్యారు. పూలమ్మకు ప్రాక్టికల్‌లో మంచి మార్కులే వచ్చాయి, రాత పరీక్షలో పోయింది. "రాసుడు మల్ల రాస్త, గని మెషిన్ మీద చెయ్యి ఆగిపోతది గదా అక్కా" అంది. ఆ సెంటర్‌లో ఆడవాళ్ల బ్యాచ్ ఇక లేదు. రెండింటి నుంచి నాలుగింటి దాకా గదికి తాళం. అటువంటి సెంటర్ హనుమకొండలో ఇంకోటి లేదు.

శ్రావణం వచ్చింది. సారంగపాణి మంచి రోజు చూశాడు. కొబ్బరికాయ తెచ్చారు. మొదటి నెల ఎవరి పేరు ముందుండాలి అనే మాట దగ్గర కొబ్బరికాయ చేతిలోనే ఉండిపోయింది. రావూ వెంకట్రాజమూ మళ్లీ మాటలు మానుకున్నారు. లిదియా మీద కోపంతో కుదిరిన స్నేహం ఆషాఢం దాటలేదు. ఈ సంగతి రాయమల్లు కాజీపేట స్టేషన్ దగ్గర లిదియాకు చెప్పి, ఒక మాట కలిపాడు. "రాజం సారు మండుతాండు. రావు సారు ఎవల్ని వద్దంటె వాళ్లనే చేర్చుకుంటనని అంటాండు."

మరుసటి రోజు సాయంత్రం లిదియా, పూలమ్మ మెట్లెక్కారు. వెంకట్రాజం పాస్కల్ బ్యాచ్ మొదలవుతోంది. గది నిండా మగపిల్లలు. రావు గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు.

"నిన్ను తీసేసిన గద?"

"నౌకరిల నుంచి తీసేసిన్రు సార్. ఇప్పుడు నేను రాజం సార్ స్టూడెంట్‌ను. ఫీజు కట్టిన. పూలమ్మ గూడ కట్టింది."

"ఇది మొగపిల్లల బ్యాచ్!"

"అట్లని యాడ రాసి లేదు. ఉంటె చూపియ్యిండ్రి."

లోపలి నుంచి వెంకట్రాజం గొంతు వచ్చింది. "నా టైమ్ల నా గదిల ఎవలు కూసుంటరో నేను చెప్తా! రాండ్రమ్మా లోపలికి!"

అతనికి ఆడవాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చిందని లిదియా అనుకోలేదు. రావు మీద పగతో తెరిచిన తలుపు అది. ఏ పగతో తెరిచినా తలుపు తలుపే, లోపల మెషిన్ ఉంది, ఒక్కొక్కరికి దాని ముందు కూర్చునే వంతు ఉంది. తమ వంతులో తమ ఫ్లాపీ పెట్టుకుని పూలమ్మ కోబాల్ చేసుకుంటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ముందు బెంచీ నిండా కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. చోటు లేదన్నట్టు ఒకడు కాళ్లు చాపాడు. లిదియా అతని పక్కనే నిలబడి సంచి బెంచీ మీద పెట్టింది.

"జర జరుగు తమ్మీ. ఇద్దరం కూసోవాలె."

కుర్రాడు వెనక్కి చూశాడు. కాళ్లు ముడుచుకున్నాడు. జరిగాడు.